వగీహ్ సిద్హుమ్ పన్నెండు నిమిషాలు

వగీహ్ సిద్హుమ్ ఏ దేశమూ వెళ్లి చదువుకోలేదు. కైరోలో ఆర్కెస్ట్రా నడిపేవాళ్ల మధ్య అది చిన్న లోపం కాదు. షుబ్రా పేటలో దర్జీ కొడుకు. రైల్వే కార్మికుల బ్యాండులో క్లారినెట్ ఊదుతూ, ఎజ్‌బెకియా పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలు కొనుక్కుని సంగీతం రాయడం నేర్చుకున్నాడు. ఇరవయ్యారేళ్లు మా ఆర్కెస్ట్రా ముందు నిలబడి ఇతరుల రచనలే నడిపించాడు. తను రాసింది ఒక్కటే. దానికి పదకొండేళ్లు పట్టింది. వియన్నా నుంచి దిగిన ప్రతి కుర్రాడి రచనకూ తేదీ దొరికేది. ఈయనకు మాత్రం ఎప్పుడూ వచ్చే ఏడాదే.

రిటైరయ్యే సంవత్సరం డైరెక్టరు ఒప్పుకున్నాడు. అయితే పన్నెండు నిమిషాలు మించకూడదు. గురువారం సాయంత్రం రేడియోలో ప్రత్యక్ష ప్రసారం, చివరి అంశం ఇదే, ఏడింటికి వార్తలు. ఆలస్యమైతే మధ్యలోనే కోసేస్తారు. ఇంకో అవకాశం అడగకూడదు.

రచన మధ్యలో అర నిమిషం రెల్లు వేణువు ఒక్కటే పలకాలి. దానికి పెళ్లిళ్లలో వాయించే రగబ్ బాబాయిని పిలిపించాడు. ఆయనకు రాసింది చదవడం రాదు. వగీహ్ పాడి వినిపించేవాడు. రిహార్సల్లో రగబ్ రోజుకో రకంగా వాయించేవాడు. వయొలిన్లవాళ్లు నవ్వుకునేవాళ్లు.

"నిన్న ఇలా లేదు బాబాయ్," అన్నాడు వగీహ్.

"మీరు కాగితం మీద వీధి పేరు రాశారు ఉస్తాద్. ఇల్లు నేనే వెతుక్కోవాలిగా."

మొత్తం రచనను చేతి గడియారం పెట్టి చూస్తే పదకొండు నిమిషాల నలభై సెకన్లు వచ్చింది. గడువు దాటలేదని వగీహ్ కాగితాలు మడిచేశాడు.

గురువారం ముందు వరసల నిండా అధికారులు. పైన గ్యాలరీలో సయ్యిదా జైనబ్ పేట నుంచి వచ్చిన రగబ్ ఇరుగుపొరుగు. వేణువు ఆగగానే పైనుంచి "అల్లా" అని పొడవాటి నిట్టూర్పు వినిపించింది. వెనకే ఓ బండగొంతు, "మళ్లీ బాబాయ్, నీ చేతులు చల్లగుండ, మళ్లీ."

కాఫీ కొట్టులో పాట వినే పద్ధతే అది. మా హాల్లో మాత్రం ఎన్నడూ జరగలేదు. కొమ్ము బాకాలవాళ్లు అప్పటికే ఊపిరి తీసుకున్నారు. వగీహ్ కుడి చేయి పైకి లేచి ఉంది. వయోలా పట్టుకుని కూర్చున్న నాకు ఆయన ముఖం స్పష్టంగా కనిపించింది. ఆయన గడియారం వైపు చూడలేదు, గ్యాలరీ వైపు చూశాడు. అరచేత్తో బాకాలను ఆపాడు. వేణువు ఆగిన స్వరాన్నే మంద్రంలో పట్టి ఉంచమని మాకు సైగ చేశాడు. రగబ్‌కు తలూపాడు.

రగబ్ ఇంకో దారిలో, ఈసారి రెండు నిమిషాల పైనే వాయించాడు. మళ్లీ అడిగారు. మూడోసారి మూడు నిమిషాలు సాగింది, ముందు వరసల్లోనూ తలలు ఊగాయి.

ఆ తర్వాతి నాలుగు నిమిషాల ముగింపు హాల్లో ఉన్నవాళ్లకే దక్కింది. షుబ్రాలో రేడియో దగ్గర కూర్చున్న ఆయన భార్య మార్సెల్‌కు ఏడింటి వార్తల్లో గోధుమల ధర వినిపించిందట.

డైరెక్టరు సంజాయిషీ రాయించుకున్నాడు. ఆ రచన మళ్లీ కార్యక్రమంలోకి రాలేదు. చివరిదాకా వినిపించాలనే కదా అన్నేళ్లు ఎదురుచూసింది, మరి బాకాలను ఎందుకు ఆపినట్టు? ఉండబట్టలేక టీ కొట్టులో ఆయన్నే అడిగేశాను.

"ఇరవయ్యారేళ్లు జనం చప్పట్లు కొట్టి ఇళ్లకు పోయారు. ఆగమని ఎవడూ అడగలేదురా. అడిగినవాణ్ణి వదిలేసి నా దారిన నేను పోనా?"

"మరి ఆ ముగింపు?"

"అది అయ్యాక ఎవరైనా 'మళ్లీ' అని అడిగారా?"

లేదన్నాను. ఆయన టీలో ఇంకో చెంచా చక్కెర వేసుకున్నాడు.