ధనరాజు వేసిన తెల్ల అంగీ

మా ఆయన ధనరాజుకి తెలుపంటే పిచ్చి. గరివిడి అవతల ఇనుము కరిగించే కొలిమిలో పన్నెండేళ్లు పనిచేసిన మనిషి. ఎన్నిసార్లు ఉతికినా ఆయన చొక్కా మసి రంగు వదిలేది కాదు. అందుకే కాబోలు, రంగుల డబ్బాల్లో నలుపు కనబడితే చాలు, మూత బిగించేస్తాడు.

కిందటేడు అక్కడి కాంట్రాక్టు అయిపోయింది. సెలవు రోజుల్లో సరదాగా చిట్టి బొమ్మలకి రంగులేసే అలవాటు ఒకటి ఉండేది కదా, అదే ఇప్పుడు కూటికి దారి అన్నాడు. బెంగళూరులో అలాంటి బొమ్మలమ్మే షాపువాళ్లు పరీక్షకి ఒకటి పంపారు. పాతకాలపు యూరపు సైనికుడు. బొటనవేలంత ఉంటాడు. ఇనుప కవచం, దాని మీద మోకాళ్లదాకా తెల్ల అంగీ. రంగు వాళ్లకి నచ్చితే ఇంటి దగ్గరే పని. నచ్చకపోతే మా అన్న కొండబాబు చేపల లారీ మీద ఐసు మోయడానికి పోవాలి. ఆ మాట అన్నది మా అమ్మ గురమ్మ. అలా అన్న రోజునుంచీ ఆయనకి అమ్మంటే పడదు.

అమ్మకి ఆయనంటే ఎప్పుడూ పడలేదు. మా నాన్న సముద్రంలో చేపల వేట మానేశాక విజయనగరంలో ఒక ఆసుపత్రి దుప్పట్లు ముప్పై యేళ్లు ఉతికి మమ్మల్ని పెంచింది. కూర్చుని పని చేసే మగాడు ఆమె లెక్కలో మగాడు కాదు. మోకాళ్ల నొప్పులని మా ఇంటికొచ్చి ఆరు నెలలైంది. మాలో అత్తా అల్లుడూ ఎదురుబడి మాట్లాడుకోరు. ఒకే గదిలో బారెడు దూరంలో కూర్చుని కూడా ప్రతి మాటా నాతోనే చెప్పిస్తారు. మర్యాద అంటారు. ఆ మర్యాద చాటున ఇద్దరూ ఎంత విషం కక్కుకున్నారో నాకు తెలుసు. అడకత్తెరలో పోకచెక్కని నేనే.

మొదటి బొమ్మ తిరిగొచ్చింది. అంగీ గుడ్డలా లేదట, ఇంకొక్కసారి చూస్తారట. ఆయన మళ్లీ అదే తెలుపు, ఆరు పూతలు వేశాడు. నీడ కోసం చుక్క బూడిదరంగు కలపమంటే కలపడు. మసి పూసినట్టుంటుందంటాడు.

అమ్మ కళ్లజోడు సర్దుకుని చూసింది. "ఒసే హేమా, మీ ఆయనకి సెప్పు. అది గుడ్డ కాదు, సున్నం కొట్టిన గోడ."

"మీయమ్మకి సెప్పు, దుప్పట్లుతకడం ఏరు, బొమ్మెయ్యడం ఏరు."

"ముప్పై యేళ్లు తెలుపే సూసినాను. నీలిమందు మడతల్లోకి దిగుతాది. మెడకాడ పసుపు నిలుస్తాది. ఎండ తగిలిన భుజం మీదే అసలు తెలుపుంటాది. అది తెల్వనోడు ఏటేస్తన్నాడో అడుగు."

"ఆ నోరు ముయ్యమను."

నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఇద్దరికీ చెవులున్నాయి.

మర్నాడు అమ్మ స్నానానికి వెళ్లినప్పుడు చూశాను. తెలుపులో చుక్క నీలం కలిపి నీళ్లలా పలచన చేసి మడతల్లోకి జారవిడుస్తున్నాడు. మెడ దగ్గర లేత పసుపు. కళ్లముందే ఆ గట్టి సున్నం మెత్తటి గుడ్డయిపోయింది. నాకు నిజంగా సంతోషమేసింది. నన్ను చూసి బొమ్మని అటు తిప్పేసుకున్నాడు.

బొమ్మ పంపిన వారానికి షాపాయన ఫోన్ చేశాడు. మావారి చేతులనిండా రంగు, అందుకని స్పీకరు పెట్టాను. "అంగీ అద్భుతంగా వచ్చిందండీ. ఈ తెలుపు ఎక్కడ నేర్చుకున్నారు?"

అమ్మ పక్కనే ఎండురొయ్యల తలలు తుంచుతోంది.

"యూట్యూబులో సూసినానండి," అన్నాడు.

అమ్మ చెయ్యి ఆగింది. మళ్లీ తుంచడం మొదలెట్టింది. నాకు మాత్రం ఆ ఫోను తీసి గోడకేసి కొట్టాలనిపించింది. షాపాయన చెప్పుకుపోతున్నాడు. ఇరవై బొమ్మలు కావాలి, కానీ ఇవి కొత్త అంగీలు కావు, ఏళ్ల తరబడి యుద్ధాల్లో నలిగి వందసార్లు ఉతికిన తెల్లగుడ్డలా ఉండాలి. వారంలో ఒకటి చేసి పంపితే, అది చూసి మిగతావి ఇస్తాడు.

ఆరు రోజులు గింజుకున్నాడు. నీలం కలిపితే గుడ్డ కొత్తదైపోతోంది. పసుపు కలిపితే మురికైపోతోంది. వేసింది తుడవడం, తుడిచింది వెయ్యడం. ఆరో రోజు బొమ్మ తెచ్చి నా ముందు పీట మీద పెట్టి, అమ్మకి వినబడేలా గొంతు సవరించుకున్నాడు.

"హేమా, పాతబడ్డ తెలుపు ఎలగుంటాదో మీయమ్మనడుగు."

పెళ్లయిన ఎనిమిదేళ్లలో మొదటిసారి అమ్మ తలెత్తి సూటిగా ఆయన మొహంలోకి చూసింది.

"నన్నెందుకడుగుతావు? యూట్యూబునడుగు."

ఆయన నా వైపు తిరిగాడు. అమ్మ పక్కన పదేళ్లు దుప్పట్లు జాడించినదాన్ని. పాత దుప్పటి తెలుపు ముందు ఎక్కడ చస్తుందో, అక్కడ ఏ రంగు తేలుతుందో నాకూ తెలుసు. పొద్దున్నే పార్సిలు వెళ్లాలి. నేను చాటలో బియ్యం ఏరుకుంటూ తల ఎత్తలేదు.