ఎడమవైపు వెనక చక్రం

మా ఆయన మణికట్టు విరగ్గొట్టుకున్నది గురువారం, మెట్రో స్టేషన్ మెట్ల మీద. ఆదివారం కారు వెనక చక్రానికి బేరింగులు మార్చాలని అంతకు ముందే కొని తెచ్చుకున్నారు. ఆ డబ్బా ఫ్రిజ్ మీద అలాగే ఉంది, ఆయన కుడి చెయ్యేమో పిండికట్టులో ఉంది.

కారు నెల రోజులుగా రొద పెడుతోంది. నలభై స్పీడు దాటగానే వెనక నుంచి విమానం వస్తున్నట్టు మొదలై, స్పీడుతో పాటే పెరిగేది. నాకు పొద్దున ఏడింటికి ఆసుపత్రి డ్యూటీ. మయూర్ విహార్ నుంచి యమున దాటి వెళ్లాలి. వంతెన మీద బస్సులు పక్కనుంచి దూసుకుపోతుంటే, చక్రం ఊడి నాకంటే ముందు పరుగెత్తుతున్నట్టు కళ్లకు కట్టేది. ఆయనతో చెబితే కంగారు పడతారని ఊరుకున్నాను.

మా మెకానిక్‌కి ఫోన్ చేశాం. "భాభీజీ, గావ్ ఆయా హూఁ. పది రోజులు పడుతుంది" అన్నాడు సొంతూరి నుంచి.

"నేను చెబుతాను, నువ్వు చెయ్యి," అన్నారు ఆయన.

"నేనా?"

"ఎముకల ఆపరేషన్ థియేటర్లో ఇరవై ఏళ్లుగా సుత్తులు అందిస్తున్నావు కదా!"

అందించడం వేరు, కొట్టడం వేరు. అయినా ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహం మూడు రోజుల్లో మొదటిసారి వెలిగింది. కాదనలేకపోయాను.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక మొదలుపెట్టాం. మే నెల ఎండ. ముందు చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టి, జాకీతో వెనక భాగం లేపి, కింద స్టాండ్లు పెట్టాను. ఆయన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ప్రతిదీ రెండుసార్లు చూడమన్నారు. ఏ వైపు చక్రమో ఇంకా తేలలేదు. చక్రం వెనకున్న స్ప్రింగు మీద అరచెయ్యి ఆనించి, రెండో చేత్తో చక్రం తిప్పమన్నారు. కుడివైపు ఏమీ తెలియలేదు. ఎడమవైపు తిప్పగానే అరచేతికి సన్నటి గరగర తగిలింది. అరిగిపోయిన మోకాలు వంచినప్పుడు చేతికి తగిలేది సరిగ్గా అదే.

"ఇదేనండీ," అన్నాను.

"గ్యారంటీనా?"

"వంద మోకాళ్లు చూశాను."

చక్రం వచ్చింది. మధ్యలో మూత, పిన్ను, పెద్ద నట్టు వచ్చాయి. బ్రేకు డ్రమ్ము మాత్రం కదల్లేదు. లాగాను, తట్టాను. చెమట కళ్లలోకి కారుతోంది. "అలా కాదు, అంచున కొట్టు, అంచున!" అని ఆయన అరిచారు. కుర్చీలోంచి లేచి ఎడమ చేత్తో సుత్తి లాక్కోబోయారు.

"కూర్చోండి! ఆ చెయ్యి కూడా విరిగితే నేను ఎవరికని చెయ్యను?" అని నేనూ అరిచాను.

ఆయన కూర్చున్నారు. కట్టు వంక చూసుకుంటూ, "ఇంట్లో ఈ ఒక్క పనే నాది. అదీ నీ నెత్తిన పడింది," అన్నారు. నేను సుత్తి కింద పెట్టి ఆయన పక్కన నేల మీద కూర్చున్నాను. ఒకే బాటిల్లోంచి ఇద్దరం నీళ్లు తాగాం. అప్పుడు ఆయనకు గుర్తొచ్చింది. డ్రమ్ముకు రెండు చిన్న బోల్టు రంధ్రాలుంటాయట. వాటిలో బోల్టులు బిగిస్తూ పోతే డ్రమ్ము తనంతట తానే బయటికి జరుగుతుందట. నిజంగానే జరిగింది, టక్కుమని.

డ్రమ్ములోంచి పాత బేరింగులు ఊడగొట్టడానికి అరగంట పట్టింది. కొత్తవి పెట్టే ముందు వాటిని కవర్లో చుట్టి ఫ్రీజర్లో పెట్టమన్నారు. డ్రమ్మును ఎండలో పెట్టమన్నారు. చల్లబడినది కాస్త ముడుచుకుంటుంది, వేడెక్కినది కాస్త పెరుగుతుంది, అప్పుడు తేలిగ్గా దిగుతుంది అన్నారు. భోజనాలయ్యాక మా అమ్మాయి ఐసు కోసం ఫ్రీజర్ తెరిచింది.

"మమ్మీ, చేపల పక్కన యే క్యా రఖా హై?"

"కారుకి సంబంధించింది. ముట్టుకోకు."

"ఆప్ లోగ్ ఠీక్ హో నా?" అంది, మా ఇద్దరి బుర్రలూ సరిగ్గానే ఉన్నాయా అన్నట్టు అనుమానంగా చూస్తూ.

డ్రమ్మును గుడ్డతో పట్టుకోవలసి వచ్చింది, అంత కాలింది. బేరింగును సమంగా ఆనించి, పైన పాతదాన్ని పెట్టి మెల్లగా కొట్టాను. "బయటి రింగు మీదే దెబ్బ పడాలి," అని ఆయన ఈసారి మెల్లగా చెప్పారు. నాలుగు దెబ్బలకు అడుగుకు ఆనింది. ఆ చప్పుడు మారడం ఇద్దరికీ వినిపించింది. రెండోది మూడు దెబ్బలకే కూర్చుంది. అన్నీ బిగించి, కొత్త పిన్ను పెట్టి, చక్రం తిప్పితే చప్పుడన్నదే లేకుండా తిరిగి ఆగింది.

సాయంత్రం నది వైపు రోడ్డు మీదికి తీశాను. ముప్పై. నలభై. ఏసీ కట్టేసి, అద్దాలు మూసి యాభైకి పోయాను. అరవైకి పోయాను. ఆయన కళ్లు మూసుకుని వింటున్నారు.

"ఏమైనా వినిపిస్తోందా?" అన్నాను.

"నీ ఊపిరి కూడా వినిపించట్లేదు. కాస్త వదులు."

పక్కకు ఆపి చక్రం మధ్య చెయ్యి పెట్టి చూశాను. బిగువు ఎక్కువైతే అక్కడ కాలుతుందట. రెండో వైపూ చూశాను. రెండూ ఒకేలా వెచ్చగా ఉన్నాయి.

"జ్వరం లేదు," అన్నాను. ఆయన పగలబడి నవ్వారు. ఆ నవ్వుకు నాకు ఏడుపొచ్చింది. నెల రోజులుగా వంతెన మీద ఎంత భయపడ్డానో అప్పుడు చెప్పాను. ఆయన నవ్వు ఆపి, గ్రీజు అంటిన నా చేతిని ఎడమ చేత్తో పట్టుకున్నారు. "ముందే చెప్పొచ్చుగా," అన్నారు. "ఈసారి చెబుతాను," అన్నాను.

సోమవారం వంతెన మీద ఒక బస్సును నేనే దాటాను. డ్యూటీకి పది నిమిషాలు ముందే చేరి, ఆసుపత్రి పార్కింగులో సీటు కాస్త వెనక్కి వాల్చి, ఏ పనీ లేకుండా కూర్చున్నాను.