కిందకి చూడనంతసేపూ

మా అత్తయ్యను అందరూ కాజాలమ్మ అనేవారు. బట్టలు కుట్టే కంపెనీలో చొక్కాలకు కాజాలు తీసే మిషను ముందే ఆవిడ జీవితమంతా గడిచింది. ఆ షెడ్డులో మిషన్లన్నీ ఒక్కసారిగా మోగుతుంటే పక్క మనిషి కేక పెట్టినా వినపడదట. అందుకని అక్కడి ఆడవాళ్లు గొంతు లేకుండా ఉత్త పెదాలతో మాట్లాడుకోవడం అలవాటు చేసుకున్నారు. "సూపర్వైజరు ఎదురుగా నిలబడ్డా వాడిని తనివితీరా తిట్టుకునేవాళ్లం. అంతకన్నా సుఖం ఏముందే?" అనేది అత్తయ్య.

మా ఆయన పసివాడిగా ఉన్నప్పుడు ఆ మిషను కింద బట్టముక్కల గుట్ట మీదే పడుకుని పెరిగాడు. నోటి మాట కన్నా ముందు పెదాల మాట వచ్చింది ఆయనకి. నేను కాపురానికి వచ్చిన కొత్తలో తల్లీకొడుకులు అన్నాల దగ్గర చప్పుడు లేకుండా పెదాలాడిస్తుంటే నా వంటకు వంకలు పెడుతున్నారేమోనని ముద్ద దిగేది కాదు. "నిజమేనే, ఉప్పు గురించే అనుకున్నాం" అని ఒకరోజు ఆవిడే ఒప్పుకుంది. ఆ తర్వాత నాకూ నేర్పింది.

పని మానేశాక అత్తయ్యకు చెవులు బాగా మందగించాయి. టీవీలో సీరియళ్లు వదిలేసి మా పాపతో కలిసి కార్టూన్లు చూడటం మొదలుపెట్టింది. "వీటికి మాటలక్కర్లేదు. పడ్డాడా, లేచాడా, అంతే" అనేది. చూసేది మాత్రం నవ్వడానికి కాదు. కళ్లజోడు సర్దుకుని, తీర్పు చెప్పబోయే జడ్జిలా కూర్చునేది. అలా చూసి చూసి చట్టాలు తీసింది. నెత్తిన బండ పడ్డవాడు కాగితంలా పల్చబడతాడు గానీ చావడు. గోడ మీద గీసిన తలుపులోంచి గీసినవాడు దూరిపోతాడు, తరుముకొచ్చినవాడికి గోడే మిగులుతుంది. వీపు వెనక్కి చెయ్యి పెడితే ఆ క్షణానికి ఏది అవసరమో అది చేతికొస్తుంది, నిచ్చెనైనా సరే. కాకపోతే ఉందా లేదా అని వెనక్కి తిరిగి చూడకూడదు. అన్నిటికన్నా పెద్ద చట్టం నక్కది. కొండ అంచు దాటేసి గాల్లో పరిగెత్తే నక్క వెంటనే పడదు. కింద నేల లేదని తెలిశాకే పడుతుంది.

"అయితే నాయనమ్మా, కిందకి చూడకపోతే ఎప్పటికీ పడదా?" అని పాప అడిగేది.

"పడదు. కానీ దాని ఖర్మ, చెప్పేవాడు ఎవడో ఒకడు తయారవుతాడు."

మా ఆయన పొట్ట పట్టుకుని నవ్వేవాడు. ఎత్తు భవనాల బయటి గోడలకు రంగులు వెయ్యడం ఆయన పని. "అమ్మా, ఈ చట్టమేదో మా మేస్త్రికి చెప్పు. తాళ్ల ఖర్చు మిగుల్తుంది."

"నువ్వు బొమ్మవి కాదురా, నేను కన్నవాడివి. నోరు మూసుకుని బెల్టు పెట్టుకో" అనేది ఆవిడ.

ఒక ఏడాది ఎండల్లో మా వీధిలోనే పని దొరికింది, అదీ సరిగ్గా మా ఎదుటి భవనానికే. మాది మూడో అంతస్తు. వీధి ఇరుకు. తాళ్లకు కట్టిన బల్ల మీద ఆయన మూడో అంతస్తు దాకా దిగితే మా బాల్కనీకి ఎదురుగా కూర్చున్నట్టే ఉండేది. అత్తయ్య కుర్చీ బయటికి లాక్కుని, "అక్కడ వదిలేశావు, ఆ మూల మళ్లీ వెయ్యి" అని పెదాలతోనే అజమాయిషీ చేసేది.

ఆ రోజు పాప బడికి పోయింది. నేను బాల్కనీలో బట్టలు ఆరేస్తున్నాను. ఎదురుగా ఆయన మూల అందడం లేదని, జరగడానికి బెల్టు అడ్డొస్తోందని విప్పి పక్కన పెట్టాడు. ఒంగి బ్రష్షు చాచాడు. బల్లకు ఎడమవైపు తాడు ముడి జారింది.

బల్ల ఒక్కసారిగా నిలువుగా వేలాడింది. బ్రష్షు, బెల్టు, రంగు డబ్బా కిందకి పోయాయి. ఆయన కుడిచేత్తో మిగిలిన తాడు పట్టుకున్నాడు, ఎడంచేత్తో కిటికీ చువ్వ దొరకబుచ్చుకున్నాడు. ఎడమ భుజం గోడకి ఆని, మొహం సగం మా వైపు తిరిగింది. కాలివేళ్లు కింది కిటికీ సజ్జ అంచు మీద ఆనీ ఆననట్టు ఉన్నాయి. నా చేతిలో తడిగుడ్డ అలాగే ఉంది.

వీధిలో కేకలు మొదలయ్యాయి. "అయ్యో, పడిపోతున్నాడు!" "కిందకి చూడకు!" "చూడకురా, కిందకి చూడకు!" అన్నారు అందరూ. అలా అంటుంటే ఎవడు చూడకుండా ఉంటాడు? ఆయన మెడ కొంచెం కొంచెంగా కిందకి తిరగసాగింది.

అత్తయ్య చేతిలోని స్టీలు గ్లాసుతో బాల్కనీ ఇనుప కమ్మీని టంగుటంగుమని బాదింది. ఆయన తలెత్తాడు. ఆవిడ గ్లాసు వదిలేసి, గొంతు ఎత్తకుండా, పెదాలతో అంది. "ఇటు చూడు. ఏం చెప్తున్నానో తెలియాలంటే నా మొహం చూడాలి."

ఆయన చూశాడు.

"పొద్దున బాత్రూంలో కొళాయి కట్టకుండా పోయావేంరా? ఇల్లంతా నీళ్లు."

నాకు మతిపోయింది. ఆయన పెదాలు కదిలాయి. "అమ్మా, చెయ్యి జారుతోంది."

"చేతి సంగతి తర్వాత. కొళాయి ఎందుకు కట్టలేదు?"

"కట్టాను."

"కట్టలేదు. మీ నాన్న లేచొచ్చి తుడుస్తాడా?"

"కట్టానే అమ్మా! నా చేత్తో కట్టాను!" ఆయన మొహంలో భయం పక్కనే కోపం వచ్చింది. మెడ నిలబడింది.

అత్తయ్య ఆయన మీంచి చూపు తిప్పకుండానే నా తొడ గట్టిగా గిల్లి, పెదాలు కదపకుండా గొణిగింది. "నవ్వు. నీ మొహం చూస్తే వాడికి నేల కనపడుతోంది." నేను నవ్వాను. అది నవ్వో ఏడుపో నాకు తెలియదు గానీ పళ్లు బయటపెట్టాను.

పైన డాబా మీంచి మేస్త్రి, ఇంకో పెయింటరు ఉచ్చు వేసిన తాడు దించుతున్నారు. అది ఆయన వీపు వెనక గాలికి ఊగుతూ దిగింది. "వెనక ఉందిరా, తిరిగి పట్టుకో!" అని మేస్త్రి అరిచాడు. తిరిగితే కాలివేళ్లు సజ్జ మీంచి పోతాయి. కళ్లు వీధిలో పడతాయి.

"వాడి మాట వినకు" అంది అత్తయ్య. "ఎడం చెయ్యి వదులు. వీపు వెనక్కి పెట్టు."

"వదల్లేను."

"చట్టం మర్చిపోయావా? ఏది కావాలో అది చేతికొస్తుంది. తిరిగి చూస్తేనే రాదు."

ఆయన మొహం ఎలాగో అయిపోయింది. చిన్నపిల్లాడు ఏడవబోతూ నవ్వినట్టు. అత్తయ్య కుడిచెయ్యి మాత్రం చీర పక్కన మెల్లగా కదులుతోంది. ఇంకొంచెం కిందకి, ఇటు, ఇటు, అని మేస్త్రికి సైగ. ఆవిడ మొహంలో ఆ సైగ జాడే లేదు.

ఆయన చువ్వ వదిలాడు. చెయ్యి వెనక్కి పోయింది. వేళ్లు గాల్లో తడుముకున్నాయి. అప్పుడే గాలి వీచి తాడు అవతలికి పోయింది. ఆయన కుడిచేతి నరాలు మా బాల్కనీలోకి కనపడుతున్నాయి.

"రాలేదమ్మా."

"నిచ్చెన అడిగుంటావు. తాడు అడుగు."

ఆయన నిజంగా నవ్వాడు. ఆ నవ్వుకి భుజాలు కదిలాయి, ఒక కాలు సజ్జ మీంచి జారింది. నేను కళ్లు మూసేసుకున్నాను. తెరిచేసరికి ఉచ్చు ఆయన అరచేతిలో ఉంది.

"తలమీంచి వేసుకో. చంకల కిందకి. ఆ. ఇప్పుడు రెండో చెయ్యి కూడా దూర్చు. కొళాయి కట్టలేదు, నేను చూశాను."

"కట్టాను" అంటూనే దూర్చాడు. తాడు బిగిసింది. కాలు సజ్జను వదిలింది. పైకి లాగుతున్నంతసేపూ తల వెనక్కి వంచి ఆవిడ పెదాలకేసే చూస్తున్నాడు. అప్పటికి ఆ పెదాలు ఏమీ చెప్పడం లేదు. ఊరికే కదులుతున్నాయి.

పిట్టగోడ మీంచి ఆయన్ని లోపలికి లాగారు. లేచి నిలబడి, అప్పుడు కిందకి చూశాడు. చూడగానే కూలబడ్డాడు. పడ్డాడు గానీ డాబా మీద పడ్డాడు.

అప్పటిదాకా ఎడంచేత్తో బిగించి పట్టుకున్న కమ్మీని అత్తయ్య వదల్లేదు. ఒక్కో వేలూ నేనే ఊడదీశాను. నావైపు తిరిగి ఈసారి గొంతుతో అడిగింది. "నేను కిందకి చూశానటే?"

"లేదత్తయ్యా."

"అయితే ఇప్పుడు చూస్తాను" అని వంగి చూసింది. వీధి నడుమ నీలంరంగు మడుగు కట్టి ఉంది. ఆవిడ కుర్చీలోకి జారిపోయింది. సాయంత్రం దాకా లేవలేదు.

ఆయన ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా ముందు బాత్రూంలోకి పోయి, తిరిగొచ్చి ఆవిడ ఎదుట నిలబడ్డాడు. "అమ్మా! కట్టే ఉంది కదా! నేల పొడిగా ఉంది!"

"ఎండలు కదరా. ఆరిపోయింది" అంది ఆవిడ, మొహం చూపించకుండా.

పాప బడి నుంచి వచ్చి టీవీ పెట్టింది. నక్క కొండ అంచు దాటింది. గాల్లో పరిగెత్తింది. ఆగింది. కిందకి చూసింది. పాప పకపకా నవ్వింది. మా ఆయన లేచి మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళ్లిపోయాడు. అత్తయ్య కళ్లజోడు తీసి చీరకొంగుతో తుడుచుకుంటూ, "పాపం, దానికి ఎదురింట్లో అమ్మ లేదే" అంది.

మొన్న వానల్లో ఆవిడ పోయింది. నిద్రలోనే పోయింది. కుర్చీ బాల్కనీలోనే ఉంది, ఎవరం దాన్ని లోపలికి జరపలేదు. ఆయన మళ్లీ పనికి వెళ్తున్నాడు. వేరే వీధి, ఇంకా ఎత్తు భవనం. బెల్టు పెట్టుకుంటున్నానంటాడు. అక్కడ ఎదురుగా ఏముందని ఇంతవరకూ నేను అడగలేదు.

పొద్దున ఆయన మెట్లు దిగి వీధిలోకి వెళ్లాక బాల్కనీలోకి వస్తాను. ఆయన తలెత్తి చూస్తాడు. కొళాయి కట్టావా అని పెదాలతో అడుగుతాను. కట్టాను అంటాడు.