ఎడమ పాదం కొలత, కుడి పాదం కొలత

వదిన చెప్పులు కుట్టడం పెళ్లయ్యాకే నేర్చుకుంది. భర్త దగ్గర తోలు కోయడం పట్టుబడగానే అతణ్ని మెల్లగా పక్కకు జరిపి కత్తి తనే అందుకుంది. "నేను కోస్తే మొరాయించే తోలు మా ఆవిడ చేతిలో మాట వింటుంది" అని ఆ భర్త నలుగురిలో చెప్పుకుని మురిసిపోయేవాడు.

ఆ ఇద్దరి చెప్పుల దుకాణం ముందు ఆ ఏడు కాలువ పనుల కోసం వీధంతా తవ్వేశారు. గుమ్మం ఎదుట గొయ్యి, దాని మీద ఊగే చెక్క. చెప్పుల కోసం ఆ చెక్క దాటి ఎవరొస్తారు? బస్సు నడిపే మరిది మణికట్టు విరిగి, సెలవు పెట్టి, గోళ్లు గిల్లుకుంటూ ఇంట్లోనే ఉన్నాడు. వదిన వచ్చి ఫోన్ అతని ముందు పెట్టింది.

"జనం మన దగ్గరికి రాలేకపోతే మనమే వాళ్ల ఫోన్లలోకి వెళ్దాం. ఆన్‌లైన్ దుకాణం పెట్టడం వచ్చా నీకు?"

"నాకు బస్సు తప్ప ఏమొచ్చు వదినా?"

"నాకూ రాదు. ఇంకేం, ఇద్దరికిద్దరం సరిపోయాం."

తయారుగా ఉన్న దుకాణం నమూనా ఒకటి ఎంచుకుని ఫొటోలు ఎక్కించారు, ధరలు పెట్టారు, పేరు రాశారు. అంతే, తెరిచేశాం అనుకున్నారు. ఆ వారంలోనే ఒకామె ఫోన్ చేసింది.

"అమ్మా, పేరు కింద 'మీ దుకాణం గురించి ఇక్కడ రాయండి' అని ఉంది. నేనింకా ఏమీ కొననేలేదు. ఏమని రాయను?"

మరిదికి తల కొట్టేసినట్టయింది. నమూనాతో పాటు వచ్చిన ఆ మాట చెరపాలని ఇద్దరికీ తోచలేదు. వదిన మాత్రం పగలబడి నవ్వింది. అవతలామె కూడా నవ్వి, ఆ చనువుతో అసలు సంగతి చెప్పింది. చిన్నప్పుడు జబ్బు చేసి ఆమె ఎడమ పాదం సరిగా ఎదగలేదట. ఎక్కడ కొన్నా పెద్ద పాదానికి సరిపోయే జతే కొని, రెండో దాంట్లో దూది కుక్కుకోవడమేనట.

"మీ దాంట్లోనూ ఒక్క కొలతే అడుగుతోందమ్మా."

ఫోన్ పెట్టేశాక వదిన మొహం చిన్నబోయింది. గుమ్మంలోకి వచ్చినవాళ్ల పాదాలు ఎప్పుడూ విడివిడిగానే కొలిచింది. తెర మీదికొచ్చేసరికి నమూనా ఏమంటే అదే ఒప్పేసుకుంది.

"ఆమె కొలతలు ఫోన్లో అడిగి కుట్టిచ్చేద్దాం వదినా" అన్నాడు మరిది.

"ఈమె కాబట్టి అడిగింది. అడగలేక ఊరుకున్నవాళ్ల సంగతో?"

ఇద్దరూ సెట్టింగుల్లోకి దిగారు. సైజు అన్న ఒక్క గడిని రెండు చేయాలని వదిన పట్టు. ఆ వెతుకులాటలో ఏదో నొక్కితే చెప్పులన్నీ మాయమయ్యాయి.

"కొంప మునిగింది వదినా, సరుకంతా పోయింది!"

"సరుకు బీరువాలోనే ఉందిలే. పోయినవి బొమ్మలేగా" అంటూ ఆమె వచ్చిన దారినే నింపాదిగా వెనక్కి వెళ్లింది. ప్రతి చెప్పుకూ 'దాచు' అన్న గుర్తు పడి ఉంది. తీసేయగానే అన్నీ తిరిగొచ్చాయి. అది మొదలు ఏది మార్చినా, కొనేవాళ్లకు ఎలా కనబడుతుందో తన ఫోన్లో చూసుకున్నాకే ఇంకోదాని జోలికి పోయింది.

ఎడమకో గడి, కుడికో గడి వచ్చాయి. ఇక దుకాణం గురించి రాయాలి. 'అత్యుత్తమ నాణ్యత, అద్భుతమైన సౌకర్యం' అని రాద్దామన్నాడు మరిది.

"గుమ్మంలోకొచ్చిన మనిషితో అలాగే మాట్లాడతామా?" అని ఆమె తనే చెప్పి రాయించింది: "కాగితం మీద నిలబడి పాదం చుట్టూ పెన్సిలుతో గీయండి. రెండూ గీయండి. తేడా ఉంటే ఉన్నట్టే పంపండి. ఒక్క చెప్పే కావాలంటే ఒక్కటే కుడతాం."

"ఒక్క చెప్పా?"

"కాలు పోయినవాళ్లు రెండోది ఏం చేసుకుంటారు?"

ఇన్నేళ్లూ మరిది బస్సు అద్దంలో ఎందరో ఎక్కడం, దిగడం చూశాడు. ఎవరు ఎలాంటి కాళ్లతో ఎక్కుతున్నారో ఒక్కనాడూ తోచలేదు. 'కార్ట్‌లో చేర్చండి' అన్న మీట మీద కూడా ఆమె 'కుట్టమని చెప్పండి' అని మార్పించింది.

గీతల కాగితాలు ఫొటోలుగా రావడం మొదలైంది. వాచిన పాదాలు, వేళ్లు లేని పాదాలు, అక్కచెల్లెళ్లలా కాస్త తేడాగా ఉండే జతలు. గొయ్యి పూడ్చేనాటికి దుకాణానికి వచ్చేవాళ్లకంటే తెర మీద కుట్టమనేవాళ్లే ఎక్కువయ్యారు.

రెండు కొలతల చెప్పులు అందాక మొదటామె మళ్లీ ఫోన్ చేసినప్పుడు వదిన చేతులకు జిగురుంది. మరిది ఎత్తాడు.

"కిందికి చూసుకోకుండా మెట్లు దిగారట వదినా! ఇంట్లోవాళ్లందరినీ నిలబెట్టి మరీ చూపించారట!" అన్నాడు సంబరంగా.

వదిన పని మీంచి తలెత్తలేదు. "చాలా సంతోషం అను. మడమ దగ్గర ఏమన్నా ఒరుసుకుంటోందేమో కనుక్కో."