రక్తం కనబడని వీడియో

కేథరిన్ ఏం పని చేస్తుందో మల్కాపురంలో వాళ్ళ వీధిలో ఎవరికీ సరిగ్గా తెలియదు. పొద్దున్న ఐదున్నరకి వ్యాను వస్తుంది, ఋషికొండ మీద ఏదో అద్దాల మేడకి తీసుకుపోతుంది, సాయంత్రం నాలుగు దాటాక దింపుతుంది. కంప్యూటర్ పని. అంతవరకే తెలుసు.

తండ్రి జోజికి ఒకసారి వివరంగా చెప్పింది. జనం ఫోన్లలో పెట్టే వీడియోల్లో ఉండకూడనివి ఉంటాయి, వాటిని చూసి తీసేసే పని తనది అని.

"అయన్నీ మిషనే సూసుకుంటాదంట గదమ్మా. మా గ్రూపులో ఒచ్చింది. మనుషులెందుకు?" అన్నాడు జోజి.

జోజి పోర్టులో సరుకులెత్తే వించి మీద ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాడు. భార్య విమలమ్మ పోయాక అతనికి ఫోనే లోకమైంది. సెల్ టవర్ల వల్ల పిచ్చుకలు పోయాయనీ, తుఫాన్లని ఉపగ్రహాలతో పక్క రాష్ట్రానికి తోసేస్తున్నారనీ, గ్రూపులో వచ్చిన ప్రతిదాన్నీ టీ బడ్డీ దగ్గర తీర్పు చెప్పినట్టు చెప్పేవాడు. అతనితో వాదించేవాడు ఒక్కడే, పక్క వాటాలో ఉండే ఎల్లాజీ.

"మావా, తుఫాన్ని తోసీగలిగినోడు మన కాలవలో నీరు తోయలేడేటి?" అనేవాడు. జోజికి కోపం వచ్చేది. అయినా మర్నాడు ఎల్లాజీ వచ్చేదాకా టీ తాగేవాడు కాదు.

ఎల్లాజీది తగరపువలస అవతల పల్లె. ఉన్న చెక్క పొలం అన్నదమ్ముల మధ్య ముక్కలైపోతే భార్య దేముడమ్మతో విశాఖపట్నం వచ్చేశాడు. పరవాడ వైపు ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టరు కింద పని. ఎత్తుల మీద రేకులు మార్చడం, గొట్టాలు బిగించడం. ఏ ఇనుము ఎక్కాలన్నా ముందు దాన్ని చేత్తో ముట్టి కళ్ళకద్దుకునేవాడు. సిటీ బస్సు ఎక్కినా అంతే. విమలమ్మకి ఆయాసం ముంచుకొచ్చిన రోజు రెండు చేతులా ఎత్తుకుపోయి ఆటోలో కూర్చోబెట్టింది అతనే. ఆ కంగారులో కూడా ఆటో రాడ్డుని ముట్టి కళ్ళకద్దుకోవడం కేథరిన్ చూసింది.

జూన్ నెలలో ఒక మంగళవారం ఎల్లాజీ పైనుంచి పడి చనిపోయాడు. బొగ్గు తీసుకెళ్ళే బెల్టు మీద కప్పు రేకులు మారుస్తుండగా జారిపోయాడని కబురు వచ్చింది. శవాన్ని తెల్లటి గుడ్డలో గట్టిగా చుట్టి తెచ్చారు. కంపెనీ తరఫున వచ్చిన మనిషి చెప్పులు విప్పకుండా గుమ్మం దగ్గరే నిలబడి, నడుముకి బెల్టు ఉంది కానీ దాని కొక్కెం దేనికీ తగిలించుకోలేదని, ఎన్నిసార్లు చెప్పినా వినేవాడు కాదని చెప్పి వెళ్ళిపోయాడు.

"ఆడా? ఇనడా?" అంది దేముడమ్మ. "కొక్కెం తగిలించకుండా మెట్టెక్కడు ఆడు. ఇంట్లో నిచ్చెన ఎక్కితే నన్ను పట్టుకోమంటాడు."

సీసీ కెమెరా ఉంది కదా అని ఎవరో అడిగితే, ఆ రోజు అది పని చెయ్యలేదని కాంట్రాక్టరు చెప్పాడట.

పదకొండో రోజు కర్మ అయింది. ఆ మర్నాడు కేథరిన్ డ్యూటీలో ఉంది.

ఆఫీసులోకి ఫోన్ తీసుకెళ్ళకూడదు. కాగితం, పెన్ను కూడా కూడదు. తలుపు దగ్గర అరలో పెట్టి తాళం వేసి లోపలికి వెళ్ళాలి. తెర మీద ఒకదాని వెనక ఒకటి వీడియోలు వస్తాయి, అన్నీ తెలుగువే. ఒక్కోదానికి కొన్ని సెకన్లు. ఉంచాలా, తీసెయ్యాలా, రెండే మీటలు. చేరిన మొదటి నెలలో కేథరిన్ అన్నం సయించక ఆరు కిలోలు తగ్గింది. మూడో ఏడు వచ్చేసరికి, కొట్టుకున్నవాళ్ళనీ కాలినవాళ్ళనీ చూసి వచ్చి కాంటీన్లో సాంబారన్నం తినగలుగుతోంది. దానికి తనలో తనే భయపడేది, కానీ ఎవరికీ చెప్పలేదు.

రూల్సు పుస్తకం నోటికి వచ్చు. రక్తం కనబడితే తీసెయ్యాలి. తెగిన అవయవం కనబడితే తీసెయ్యాలి. మనిషి పడిపోయినా, వాహనం గుద్దినా, రక్తం కనబడకపోతే ఉంచాలి. దాన్ని ప్రమాదం అంటారు, హింస అనరు.

పదిన్నర ప్రాంతంలో ఆ వీడియో వచ్చింది. తొమ్మిది సెకన్లు. సీసీ కెమెరా తెరని ఎవరో ఫోన్‌తో తీసినట్టుంది, అంచులు వంకరగా ఉన్నాయి. ఎత్తయిన చోట హెల్మెట్టు పెట్టుకున్న మనిషి. మొహం కనబడదు. పక్కనున్న ఇనుప గొట్టాన్ని చేత్తో ముట్టి కళ్ళకద్దుకున్నాడు.

కేథరిన్ చెయ్యి మౌస్ మీద ఆగిపోయింది.

అతను నడుముకున్న తాడు తీసి, కొక్కేన్ని ఆ గొట్టానికి తగిలించాడు. ఒకసారి లాగి చూసుకున్నాడు. రేకు మీద అడుగు వేశాడు. రేకు కిందికి వంగింది. తాడు బిగుసుకుంది, ఆ బిగువుకి గొట్టం గోడలోంచి ఊడి, అతనితో పాటే కిందికి పోయింది. అక్కడ వీడియో ఆగి, మళ్ళీ మొదటికి వచ్చింది. దాని మీద ఎవరో పగలబడి నవ్వే నవ్వు అతికించారు. కింద "స్వర్గానికి డైరెక్ట్ బస్సు" అని రాసుంది. దాని కింద వేలకి వేలు నవ్వు బొమ్మలు. "బిల్డప్ బాబాయ్" అని ఒకడు. "దండం పెట్టాక దేవుడు వెంటనే పిలిచాడు" అని ఇంకొకడు.

ఎక్కడా రక్తం లేదు. రూలు ప్రకారం ఉంచాలి.

కేథరిన్ తీసెయ్యమని నొక్కింది. కారణం ఎంచుకోమని తెర అడిగితే "తెగిన శరీర భాగాలు కనబడుతున్నాయి" అన్నదాన్ని ఎంచుకుంది. ఆ కారణం పెడితే ఆ వీడియోకి ఎన్ని నకళ్ళు ఉన్నాయో అన్నిటినీ మిషనే వెతికి తుడిచేస్తుంది. అది తెలిసే చేసింది. మూడేళ్ళలో మొదటిసారి ఆ ఉద్యోగంలో ఒక మంచి పని చేశానని ఆమెకి అనిపించింది.

రెండు రోజులకి టీం లీడ్ నీలిమ పిలిచింది. నీలిమ శ్రీకాకుళం పిల్ల, కేథరిన్ కంటే రెండేళ్ళు చిన్న.

"అక్కా, తప్పు కారణం పెట్టీసావు. ఆడిట్లో దొరికింది. నీ స్కోరు పడిపోతాది."

"పడనీ," అంది కేథరిన్. ఎందుకు చేసిందో చెప్పలేదు.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి కేథరిన్ వాళ్ళ గుమ్మం మీద దేముడమ్మ కూర్చుని ఉంది. చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు, అందులో నోటీసు. లేబరాఫీసులో విచారణ ఉందట.

"నీతో పనుంది, కేతమ్మా. ఆడు పడిపోయినప్పటి వీడియో ఒకటి ఫోన్లలో తిరిగిందంట. ఆడితో పన్జేసినోడు ఒకడు సెప్పేడు. కొక్కెం తగిలించినట్టు అందులో తెల్సిపోతాదంట. ఆఫీసులో సూపిద్దామంటే ఇప్పుడు ఎక్కడా లేదంట. ఎవులో తీసీసినారంట. నువ్వు కంప్యూటర్లో పన్జేస్తావు గదా, ఎతికి పెట్టవా?"

కేథరిన్ తలుపు తాళం తీస్తోంది. తాళం చెవి తిప్పడం మర్చిపోయి అలాగే నిలబడిపోయింది. తాను దాన్ని రెండుసార్లు చూసింది. కొక్కెం చూసింది, గొట్టం ఊడిపోవడం చూసింది. కానీ ఆ సమయంలో నవ్వు తప్ప ఇంకేమీ ఆమె బుర్రలోకి వెళ్ళలేదు.

"చూస్తాను, వదినా," అంది.

సోమవారం నీలిమని పక్కకి పిలిచి మొత్తం చెప్పింది. వీడియోని తిరిగి పెట్టమని నీలిమ పైవాళ్ళకి రాసింది. పెట్టినవాడు అప్పీలు చేసుకుంటేనే తిరిగి వస్తుందని జవాబు వచ్చింది. పెట్టింది ఏదో దొంగ పేరున్న ఖాతా. అదీ మూసుకుపోయింది.

కేథరిన్ ఇంటికి వచ్చి, తెలిసిన మీమ్ పేజీలన్నీ తిరగేసింది. రెండు రోజులు అలాగే ఫోన్ పట్టుకుని కూర్చుంది. మూడో రోజు సాయంత్రం జోజి అడిగాడు.

"ఏటమ్మా అంతలా ఎతుకుతన్నావు?"

"ఫ్యాక్టరీలో ఒక మనిషి పైనుంచి పడిపోయే వీడియో, డాడీ."

"అదా? మా గ్రూపులో ఉన్నాది. నానే నలుగురికి పంపేను. బలే నవ్వొస్తాది."

ఫోన్ తీసి, వేలితో పైకి పైకి జరిపి చూపించాడు. అదే వీడియో, కానీ ఎవరో మళ్ళీ మార్చారు. అందుకే మిషన్ దాన్ని గుర్తుపట్టలేదు. మనిషిని దగ్గరగా లాగి, అతని నడుము మీద పెద్ద పసుపుపచ్చ నవ్వు మొహం అతికించారు. అతను ఎటు కదిలితే ఆ మొహం అటు కదులుతోంది. తాడు, కొక్కెం, గొట్టం అన్నీ దాని వెనకే ఉండిపోయాయి. పైన చెయ్యి ఒక్కటే కనబడుతోంది. ముట్టి, కళ్ళకద్దుకుంటోంది.

"డాడీ, ఆ చెయ్యి చూడు."

జోజి కళ్ళద్దాలు పెట్టుకుని చూశాడు. ఇంకోసారి చూశాడు. నవ్వు మోగుతూనే ఉంది. దాన్ని ఆపడం ఎలాగో తెలియనివాడిలా ఫోన్‌ని మంచం మీద బోర్లా పెట్టి, దాని మీద అరచెయ్యి వేసి ఒత్తి పట్టుకున్నాడు.

"నాను నవ్వేను," అన్నాడు. "కర్మ భోజనం తినొచ్చి, ఆ పూటే నవ్వేను."

ఆ తరవాత కేథరిన్ పక్క వాటాకి వెళ్ళింది. దేముడమ్మ రొయ్యల ఫ్యాక్టరీలో పనికి కుదురుకుంది. అప్పుడే వచ్చి, వాసన పోవడానికి చేతులు నిమ్మచెక్కతో రుద్దుకుంటోంది.

"వదినా, దాన్ని తీసేసింది నేనే."

దేముడమ్మకి అర్థం కాలేదు. కేథరిన్ తన పని ఏమిటో, ఆ రోజు ఏం జరిగిందో మొదటినుంచి చెప్పింది. వింటున్నంతసేపూ దేముడమ్మ నిమ్మచెక్కని వదల్లేదు.

"ఎందుకు తీసీసినావు?"

"నవ్వుతున్నారు వదినా. కింద అందరూ నవ్వుతున్నారు."

"నవ్వనీ. నవ్వితే ఆడికేటి పోయింది? అందులో కొక్కెం ఉన్నాది గదా." గొంతు పెంచలేదు. "నవ్వినోలు రేపు మర్సిపోతారు. కొక్కెం ఉండిపోయేది గదా."

దేముడమ్మ లేచి చేతులు కడుక్కుని వచ్చి, ఎదురుగా కూర్చుంది.

"ఏటి సూసినావో సెప్పు. ఒక్కటీ వొదలకుండా సెప్పు."

తొమ్మిది సెకన్లూ చెప్పడానికి అరగంట పట్టింది. విచారణలో చూపించడానికి అదంతా కాగితం మీద రాసి ఇస్తానని కేథరిన్ అంది. దేముడమ్మ వద్దనలేదు, సరేననీ అనలేదు.

విచారణ ఆగస్టులో జరిగింది. అధికారి భీమశంకరరావు కేథరిన్ రాసిచ్చిన రెండు పేజీలూ నెమ్మదిగా చదివి కంపెనీ లాయరుకి ఇచ్చాడు. లాయరు మర్యాదస్తుడే.

"ఈ వీడియో ఇప్పుడెక్కడుందమ్మా?"

"లేదు. నేను తీసేశాను."

"మీ ఆఫీసు రూలు ప్రకారం తీసేశారా?"

"కాదు."

"ఏ కారణం చూపించారు?"

"తెగిన శరీర భాగాలు కనబడుతున్నాయని."

"కనబడ్డాయా?"

"లేదండి."

"అంటే అప్పుడు అబద్ధం రాశారు."

"అవును."

"ఇప్పుడు రాసింది మాత్రం నిజమంటారు." కాగితాలు తిరిగి బల్ల మీద పెట్టేశాడు. జోజి ఫోన్‌లో ఉన్న వీడియో కూడా చూశారు. నవ్వు వినబడకుండా ముందుగానే శబ్దం ఆపి చూపించింది కేథరిన్. భీమశంకరరావు ఆ పసుపుపచ్చ మొహాన్ని కాసేపు చూసి, "ఇందులో ఏముందమ్మా," అని ఫోన్ తిరిగి ఇచ్చేశాడు. ఆ మాట అతను వెటకారంగా అనలేదు.

ఆఫీసులో చూసినవేవీ బయట చెప్పనని చేరేటప్పుడు కేథరిన్ సంతకం పెట్టింది. విచారణ అయిన వారానికి ఉద్యోగం పోయింది. ఆ కబురు చెప్పడానికి నీలిమ ఫోన్ చేసి, చెప్పలేక ఏడ్చింది. కేథరిన్ ఇప్పుడు గాజువాకలో ఒక మందుల షాపులో పనిచేస్తోంది. డిగ్రీలో చదివిన కెమిస్ట్రీ కొంచెం పనికొస్తోంది. సాంబారన్నం మాత్రం సయించడం లేదు.

జోజి గ్రూపుల్లోంచి బయటికి వచ్చేశాడని వీధిలో అందరూ అనుకున్నారు. రాలేదు. ఫోన్ చూస్తూనే ఉంటాడు. కానీ టీ బడ్డీ దగ్గర ఇప్పుడు ఎవరికీ ఏదీ చెప్పడు. ఎవరైనా వీడియో చూపించబోతే లేచి వెళ్ళిపోతాడు.

డిసెంబరులో లేబరాఫీసు నుంచి ఆర్డరు వచ్చింది. దేముడమ్మ దాన్ని కవరులో పెట్టుకుని మందుల షాపుకి వచ్చింది. విచారణ తరవాత ఆమె కేథరిన్‌తో మాట్లాడటం అదే మొదలు. షాపులో జనం తగ్గేదాకా మెట్టు పక్కన నిలబడి, అప్పుడు చదివి పెట్టమని ఇచ్చింది. కంపెనీ తన లెక్కలో "కార్మికుని అజాగ్రత్త" అని రాసుకుంది. ఈ ఆర్డరులో మాత్రం "ప్రమాద కారణం నిర్ధారణ కాలేదు" అని ఉంది. కేథరిన్ దాన్ని రెండుసార్లు చదివింది.

"అంటే ఆడిది తప్పని రాయలేదు గదా?"

"రాయలేదు, వదినా."

"కంపెనీదనీ రాయలేదు."

"రాయలేదు."

దేముడమ్మ కాగితాన్ని పాత మడతల్లోనే మడిచి కవరులో పెట్టుకుంది. రొయ్యల ఫ్యాక్టరీ బస్సుకి వేళవుతోందని చెప్పి, రోడ్డు దాటి అవతలి వైపుకి వెళ్ళిపోయింది.