బస్టాండులో రమాదేవి కోసం

లేని మనిషిని వెతుక్కుంటూ బస్టాండంతా తిరిగినవాళ్ళు మీలో ఎవరైనా ఉన్నారా? నేనున్నాను. మొన్న బుధవారం, మధ్యాహ్నం మూడింటికి. నవ్వితే నవ్వండి గానీ మా ఆఫీసులో మాత్రం ఎవరికీ చెప్పకండి. వాళ్ళకి ఇప్పటికే సగం తెలుసు.

ఇంట్లో గొడవలు పడలేక వచ్చే ఆడవాళ్ళకి అండగా ఉండే సంస్థ మాది. అందులో ఆరేళ్ళుగా నేను ఫీల్డు వర్కర్ని. ఈ ఏడాది ఆఫీసులో కూర్చుని వాళ్ళ కష్టాలు వినే కౌన్సిలర్‌గా వేస్తామన్నారు. కానీ హైదరాబాదువాళ్ళు పెట్టిన ఆన్‌లైన్ ట్రైనింగ్ పాసైతేనే. అందులో తప్పామో, మళ్ళీ ఎండలో ఊళ్ళు తిరగడమే. నా మోకాళ్ళు ఇక ఒప్పుకోమని ఎప్పుడో చెప్పేశాయి.

ట్రైనింగ్ విజయవాడలో మా ఆఫీసు పక్కనున్న నెట్ సెంటర్లో. సుధారాణి మేడం అరగంటసేపు అంతా విడమరిచి చెప్పి, గుంటూరు బ్యాచ్ దగ్గరికి వెళ్ళిపోయారట. ఆ అరగంటా నేను కంకిపాడు బస్సులో నిలబడి ఉన్నాను. పరిగెత్తుకుంటూ వచ్చి, నాతో పనిచేసే ఎస్తేరుని అడిగాను, ఏం చెయ్యాలి అని.

"రమాదేవి అని ఒకావిడ వస్తుంది పద్మక్కా. తన కష్టం టైప్ చేస్తుంది. మనం సలహాలివ్వకుండా వినాలి, అంతే" అంది.

ఆవిడ మనిషి కాదు, కంప్యూటర్లో తయారుచేసిన క్లయింటు అని ఎస్తేరు చెప్పలేదు. నేనూ అడగలేదు. పరిచయమైనవాళ్ళని మీరు మనుషులేనా అని ఎవరడుగుతారు చెప్పండి?

కూర్చున్నాను. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు వస్తోంది తెరమీద. మొగుడు మాట వినడు, అత్తగారు ఊరుకోదు, చంకలో పాప, ఇంట్లో తన మాటకి విలువ లేదు. నేనూ ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొడుతున్నాను. ముందు భోంచేశావా అని అడిగాను. మనం ఎవర్నైనా ముందు అదే కదా అడిగేది. "నా బాధ ఎవరికి చెప్పుకోను" అంది. సరే, పాపకి ఎన్నేళ్ళు అన్నాను. "నా బాధ ఎవరికి చెప్పుకోను" అంది. నాకు ఇసుమంత అనుమానం వస్తే ఒట్టు. పాపం, కష్టంలో ఉన్న మనిషి అడిగినదానికి తిన్నగా ఎక్కడ చెబుతుంది అనుకున్నాను. ఫీల్డులో మేం రోజూ చూసేది అదే.

అంతలో ఆవిడ, "ఇక నా వల్ల కాదు. పాపని తీసుకుని విజయవాడ బస్టాండుకి పోతున్నా. ఏ బస్సు ముందొస్తే అది ఎక్కేస్తా" అంది. అమ్మా, ఆగు అని సగం కొట్టేసరికి కరెంటు పోయింది.

ఇప్పుడు మా పద్ధతి ఒకటి మీకు చెప్పాలి. ఎవరైనా ఇల్లు వదిలి పోతున్నానంటే మేం ఫోన్లో బతిమాలుతూ కూర్చోం. ఆటో ఎక్కి ఎదురెళ్ళిపోతాం. ఆరేళ్ళలో అలా నలుగుర్ని వెనక్కి తీసుకొచ్చాను. కరెంటు ఎప్పుడొస్తుందో, బస్సు ఎప్పుడొస్తుందో ఎవరికి తెలుసు. హ్యాండ్‌బ్యాగు పట్టుకుని లేచాను. ఎస్తేరు వెనకనుంచి ఏదో అంటోంది. "తర్వాత చెప్దువుగానిలే" అని ఆటో ఎక్కేశాను. దారిపొడవునా మేడంకి ఫోన్ చేస్తూనే ఉన్నాను. ఎత్తరు.

బస్టాండులో ఒక్కో ప్లాట్‌ఫారమూ చూసుకుంటూ పోయాను. చల్లపల్లి బస్సు ఆగే చోట దొరికింది. బెంచీమీద చిన్న వయసు ఆవిడ, ఒళ్ళో పాప, కాళ్ళదగ్గర బ్యాగు, కళ్ళనిండా నీళ్ళు. నా ప్రాణం లేచొచ్చింది.

"రమాదేవేనా అమ్మా?"

"కాదండీ."

పేరు దాచుకోవడం మామూలే. పక్కన కూర్చున్నాను. "నీకు చెప్పాలనిపిస్తేనే చెప్పు. నేను వింటాను" అన్నాను, సలహా ఇవ్వకుండా, సరిగ్గా ఎస్తేరు చెప్పినట్టే. ఆవిడ కొంచెం అటు జరిగింది. నేనూ కొంచెం జరిగాను.

"ఎక్కడికమ్మా ప్రయాణం?"

"మా అమ్మావాళ్ళింటికండీ."

"ఇంట్లో మీవారికి తెలుసా?"

ఆవిడ జవాబు చెప్పేలోపే ఒకాయన గబగబా మావైపు వస్తున్నాడు. నేను లేచి అడ్డంగా నిలబడ్డాను. "మీరు అక్కడే ఆగండి. ఆమెకి ఇష్టమైతేనే మాట్లాడతారు" అన్నాను.

ఆయన చేతిలో నీళ్ళ బాటిలుంది. "ఆవిడే తెమ్మందండీ. మిరపకాయ బజ్జీ కారంగా ఉందని" అన్నాడు బిక్కమొహం వేసుకుని.

అప్పుడు చూశాను, పాప వెనక కాగితంలో సగం కొరికిన బజ్జీ.

సరిగ్గా అప్పుడే మేడం ఫోన్. "మేడం, రమాదేవి ఇల్లు వదిలేసిందండీ, నేను బస్టాండులో ఉన్నాను, ఎక్కడా కనబడటం లేదు" అని ఒక్క ఊపిరిలో చెప్పాను.

"పద్మగారూ, ఆవిడ కంప్యూటర్ ప్రోగ్రామండీ. ఇక్కడ గుంటూరులో పదిమందికి ఇప్పుడే అదే మాట చెబుతోంది, బస్టాండుకి పోతున్నానని."

"అయితే... పాప?"

"పాప కూడా లేదండీ."

సిగ్గు తర్వాతొచ్చింది. ముందొచ్చింది మాత్రం నిజంగా సంతోషమే. ఏ తల్లీ బిడ్డా దారీ తెన్నూ లేకుండా ఏ బస్సూ ఎక్కలేదు. అమ్మయ్య అనుకుంటూ బెంచీమీద కూలబడ్డాను. ఆ చిన్నావిడ నా మొహం చూసి, మొగుడి చేతిలోని నీళ్ళ బాటిలు అందుకుని నాకే ఇచ్చింది. వాళ్ళాయన మాత్రం నేను ఆగమన్నచోటే ఇంకా నిలబడి ఉన్నాడు. రండి బాబూ అని నేనే పిలిచాను.

మర్నాడు మళ్ళీ కూర్చోబెట్టారు. అదే రమాదేవి, అదే ఏడుపు. బస్టాండుకి పోతున్నా అనగానే నా చెయ్యి దానంతటదే బ్యాగుమీదికి పోయింది. ఎస్తేరు నా కొంగు పట్టుకుని కూర్చోబెట్టింది. పళ్ళు బిగబట్టుకుని, నేర్పినట్టే, ఒక్క సలహా ఇవ్వకుండా, భోజనం ఊసెత్తకుండా చివరిదాకా పొడిపొడిగా టైప్ చేశాను.

పాసయ్యాను. మార్కుల కింద కంప్యూటరు ఒక మెచ్చుకోలు కూడా రాసింది: "క్లయింటు కష్టంలో కొట్టుకుపోకుండా తగినంత దూరం పాటించారు."

పాటించనా మరి. ముందురోజు నుంచీ రమాదేవికీ నాకూ మాటల్లేవు.