పేరు, తండ్రి పేరు, ఊరు

పోయిన మంగళవారం పొద్దున చింతామణి ఆస్పత్రిలో మా మరిది పోయాడు. ఫోను చేసిన తోడికోడలు "అక్కా, ఇంక లేడు" అని ఫోను పెట్టేసింది. అంత తక్కువ మాట్లాడటం ఆమెకు అలవాటు లేదు. నిజమేనని అప్పుడే నమ్మాను.

పదిహేడేళ్ళు సైన్యంలో ఉండి, ఆపైన పోలీసు శాఖలో చేరి, బాగేపల్లిలోనూ చింతామణిలోనూ పనిచేసి ఏఎస్సైగా రిటైరయ్యాడు. సైన్యం మీసం ఇచ్చింది, స్టేషను పొట్ట ఇచ్చింది. దువ్వుకునేది మీసాన్నే.

రిటైరైనా ఒక అలవాటు వదల్లేదు. కొత్తవాళ్ళు కనిపిస్తే పేరు, తండ్రి పేరు, ఊరు అడిగి చిన్న పుస్తకంలో రాసుకోవాల్సిందే. నా మనవరాలి పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళనూ అడిగాడు.

"ఇది స్టేషను కాదప్పా, వాళ్ళను కాఫీ తాగనీ" అన్నాను.

"పేరడిగేది మర్యాద వదినా. కొట్టేవాళ్ళే పేరడగరు."

ఆ మాట నాకు రెండేళ్ళ కిందట అర్థమైంది. పేరేసంద్రలో మా ఇల్లు హైవే పక్కనే. ఆ మధ్యాహ్నం మా మరిది భోజనానికి వచ్చి, చొక్కా మేకుకు తగిలించి, చేతులు కడుక్కుంటున్నాడు. బయట గోల. మోటారుసైకిల్ మీద రగ్గులు అమ్ముకునే ఉత్తరాదివాళ్ళు ఇద్దరు స్కూలు దగ్గర ఆగి నీళ్ళడిగారట. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళనుకుని జనం చుట్టుముట్టారు. పిల్లల దొంగలు తిరుగుతున్నారనే వీడియో మీలో కొందరికీ వచ్చే ఉంటుంది. నాకూ వచ్చింది. ఇంత చదివినదాన్ని, నేనూ సగం నమ్మాను. తలుపు గడియ వేయమన్నాను.

అతను గడియ తీసి బయటికి పోయాడు. ఒంటి మీద లుంగీ, బనీను. గుంపులోకి దూరి, ఇద్దరి భుజాల మీదా చేతులు వేసి మా అరుగు మీదికి తెచ్చాడు. ఈలోగా ఒక రాయి వచ్చి అతని చెవి పైన తగిలింది.

"వదినా, నా చొక్కా జేబులో పుస్తకముండాది, తే."

తెచ్చి ఇచ్చి, లోపలికి పోబుద్ధి కాక పక్కనే నిలబడ్డాను.

"ఫోనులో వచ్చిండాదప్పా! పిల్లల దొంగలు!" అని ఒకడు అరిచాడు.

"అయితే ఆ ఫోనును కొట్టుకో పో. ఈళ్ళను నేనడుగుతా."

సైన్యంలో నేర్చిన హిందీలో అడిగి, జవాబులను తెలుగులో గట్టిగా చెప్తూ రాశాడు. పెద్దాయన పేరు, తండ్రి పేరు, ఊరు. ముగ్గురు ఆడబిడ్డలు. రెండోవాడు ఆయన అల్లుడు. తర్వాత పేజీ తిప్పాడు.

"ఇంక మీరు. కొట్టాలనుకునేవాళ్ళు వరసగా వచ్చి పేర్లు రాయించండి."

ఎవరూ కదల్లేదు. ముందున్నవాడితో, "నువ్వు చెప్పే పని లేదులేప్పా, మీ నాయన పేరు నాకు తెలుసు. రాసుకుంటాండా" అన్నాడు. వాడు చెప్పులు వదిలేసి పోయాడు. మిగతావాళ్ళకు ఇంట్లో పనులు గుర్తొచ్చాయి.

ఈ ఇంటికి మంచి పేరుందని నా పెళ్ళికి ముందు చాలామంది చెప్పారు. నేను కళ్ళారా చూసింది ఆ రోజే.

"భయం కాలేదా అప్పా?" అని అడిగాను.

"కాకుండా ఉంటాదా? సరిహద్దులో ఎదురుగా ఉండేవాడు పరాయివాడు వదినా. ఈడ అందరూ మనవాళ్ళే. మనవాళ్ళకు ఎదురు నిలిచేదే కష్టం."

చిక్కబళ్ళాపురం నుంచి పోలీసు జీపు వచ్చేలోగా ముగ్గురికీ వడ్డించాను. రాగిముద్ద ఆ ఇద్దరికీ కొత్త. నమిలితే పళ్ళకు అంటుకుని తిప్పలు పడుతున్నారు. మా మరిది తలకు నా పాత చీర పేలికతో కట్టు, బనీను మీద రక్తం. అతను అలాగే కూర్చుని చిన్న ఉండ చేసి, పులుసులో ముంచి, గుటుక్కున మింగి చూపించాడు. పెద్దాయన కళ్ళు మూసుకుని మింగాడు. కళ్ళు తెరిచి, అల్లుడి వైపు చూసి నవ్వాడు. ఆయన పళ్ళెంలో ఇంకో ముద్ద వేయమని మా మరిది నాకు సైగ చేశాడు.